ఓడ దిగని విహారం

పెద్ద విహార నౌకల్లో రోజులు రెండు రకాలు. పొద్దస్తమానం ఓడ నీళ్ల మీదే నడిచే రోజు ఒకటి. తెల్లవారేసరికి ఏదో ఒక రేవులో ఆగి, సాయంత్రం దాకా అక్కడే ఉండే రోజు ఇంకొకటి. ఓడవాళ్లు మొదటిదాన్ని సీ డే అంటారు, రెండోదాన్ని పోర్ట్ డే అంటారు. వారం రోజుల ప్రయాణంలో మామూలుగా మూడు నాలుగు రేవులు తగులుతాయి. కంపెనీల ప్రకటనల్లో ఆ రేవుల బొమ్మలే ముందుంటాయి. తెల్లటి ఇసుక, పాత కోట, కొండవాలున రంగురంగుల ఇళ్లు. అయినా ప్రతి రేవులోనూ ఓడ దిగని ప్రయాణికులు కొందరుంటారు. ఊరు కళ్లెదుటే ఉంటుంది, దిగే దారి తెరిచే ఉంటుంది, వాళ్లు మాత్రం పై డెక్కు మీద కుర్చీ వాల్చుకుని పుస్తకం తెరుస్తారు. అంత డబ్బు పోసి వెళ్లి ఊళ్లు చూడకపోవడమేమిటని విన్నవాళ్లకు వింతగా తోస్తుంది. ఓడల చరిత్ర, రేవుల దూరాలు, సముద్ర చట్టాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తే ఆ వింత చాలావరకు తగ్గిపోతుంది.

సరదా కోసం ఓడ నడపాలన్న ఆలోచన ఖాళీగా పడి ఉన్న ఓడల వల్ల బలపడింది. జర్మనీ నుంచి న్యూయార్కుకు జనాన్ని చేరవేసే హాంబర్గ్-అమెరికా లైన్ కంపెనీకి చలికాలం గడ్డుకాలంగా ఉండేది. ఉత్తర అట్లాంటిక్ అల్లకల్లోలంగా ఉండే ఆ నెలల్లో టిక్కెట్లు కొనేవాళ్లు తగ్గిపోయేవారు. ఓడ నడిచినా నడవకపోయినా కంపెనీకి ఖర్చు తప్పదు. ఆ కంపెనీ వ్యవహారాలు చూసే ఆల్బర్ట్ బాలిన్ 1891 జనవరిలో అగస్టా విక్టోరియా అనే ఓడలో 241 మందిని ఎక్కించి మధ్యధరా సముద్రం వైపు పంపాడు. ఆ ప్రయాణం సుమారు రెండు నెలలు సాగింది. తరవాత అదే కంపెనీ విహారం కోసమే ప్రత్యేకంగా ఒక ఓడ కట్టించింది. 1900లో నీళ్లలోకి దిగిన ఆ ఓడ పేరు ప్రిన్‌జెస్సిన్ విక్టోరియా లూయిజే. అందులోని 120 గదులూ మొదటి తరగతివే. లైబ్రరీ, వ్యాయామశాలలతో పాటు ప్రయాణికులు తాము తీసిన ఫొటోలు కడుక్కోవడానికి ఒక చీకటి గది కూడా ఉండేది. ఆనాటి విహారం ఎలాంటిదో ఆ చీకటి గదే చెబుతుంది. ఊళ్లు చూడాలి, ఫొటోలు తీసుకోవాలి, మళ్లీ ఓడెక్కాలి. ఓడ ఎంత అందమైనదైనా దాని పని ఊరి దగ్గర దించడమే. 1906 డిసెంబరులో జమైకా తీరాన రాళ్లకు తగులుకుని ఆ ఓడ కథ ముగిసింది.

ఊరితో బొత్తిగా పని లేని ప్రయాణం అమెరికాలో మద్యనిషేధం పుణ్యమా అని జనంలోకి వచ్చింది. 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్యం అమ్మకం నేరం. విదేశీ జెండా ఎగరేసే ఓడ అమెరికా జలాలు దాటిందంటే ఆ చట్టం దానికి వర్తించదు. న్యూయార్కులో ఎక్కించుకుని, సముద్రంలో రెండు మూడు రోజులు తిప్పి, ఎక్కించుకున్న చోటే దించే ప్రయాణాలు అప్పుడు జోరుగా సాగాయి. వాటికి ‘ఎక్కడికీ వెళ్లని ప్రయాణాలు’ అన్న పేరే స్థిరపడింది. వెళ్లే చోటు లేకపోయినా జనం టిక్కెట్టు కొంటారని కంపెనీలకు తెలిసివచ్చింది.

1958 అక్టోబరులో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాక, ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు చేర్చే పని ఓడల చేతుల్లోంచి జారిపోయింది. మిగిలింది విహారమే. 1972లో టెడ్ ఆరిసన్ ఒక పాత అట్లాంటిక్ ఓడను కొని, మార్డి గ్రా అని పేరు మార్చి, మయామీ నుంచి కార్నివాల్ కంపెనీ మొదలుపెట్టాడు. మొదటి ప్రయాణంలోనే ఆ ఓడ రేవు దాటుతూ ఇసుకమేటలో కూరుకుపోయింది. ఆరంభం అలా ఉన్నా కంపెనీ నిలదొక్కుకుంది. నిలదొక్కుకున్న తీరే ఇక్కడ ముఖ్యం. ఓడ ఏ ఊరికి వెళుతుందన్నది పక్కన పెట్టి, ఓడలో ఏముందో చెప్పి టిక్కెట్లు అమ్మింది. తన ఓడలకు ‘ఫన్ షిప్’ అని పేరు పెట్టుకుంది. సంగీతం, జూదం, ఈతకొలను, వేళాపాళా లేని భోజనం అన్నీ ఓడలోనే దొరికేటప్పుడు రేవు అనేది మధ్యలో వచ్చే విరామమైపోయింది. మిగతా కంపెనీలు అదే బాట పట్టాయి.

తరవాత ఓడలు పెరిగిన తీరు చూస్తే ఆ బాట ఎక్కడికి చేరిందో తెలుస్తుంది. 1970లో వచ్చిన సాంగ్ ఆఫ్ నార్వే 18 వేల టన్నుల ఓడ. 1988 నాటి సావరిన్ ఆఫ్ ది సీస్ 73 వేలు దాటింది. 2024 జనవరిలో మయామీ నుంచి ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ 2,48,663 టన్నులది. ఇక్కడ టన్ను అంటే బరువు కొలత అనుకోకూడదు. ఓడ లోపలి చోటును లెక్కగట్టే కొలమానం అది. ఐకాన్ పొడవు 365 మీటర్లు. ఇరవై డెక్కులు, ఏడు ఈతకొలనులు, నిండుగా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు, వాళ్లకు 2,350 మంది సిబ్బంది. అంతకుముందే, 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్ నడిబొడ్డున పైకప్పు లేని తోట ఒకటి నాటారు. నిజమైన మొక్కలు, వాటిని చూసుకునే తోటమాలులు. కొన్ని గదుల బాల్కనీలు ఆ తోటవైపే తెరుచుకుంటాయి. ఆ బాల్కనీలో కూర్చున్నవాడికి సముద్రం కనిపించదు. సముద్రమే కనిపించని బాల్కనీని అమ్మగలిగిన ఓడ, ఊరు చూడకపోయినా ఫరవాలేదని ప్రయాణికుడికి చెప్పకనే చెబుతున్నట్టు.

ఇక రేవు రోజు ఓడలో ఏం జరుగుతుందో చూడాలి. తెల్లవారుజామున ఓడ పక్కకు జరగడానికి వాడే థ్రస్టర్లు మొదలవగానే కింది గదుల్లో మంచాలు సన్నగా అదురుతాయి. ఓడ ఒడ్డుకు ఆనుకుంటోందన్నమాట. ఏడున్నర, ఎనిమిది గంటలకు ఒడ్డుకు దిగే దారి, అంటే గ్యాంగ్‌వే, తెరుస్తారు. దిగే ప్రతి ఒక్కరూ గదితాళంగా పనికొచ్చే కార్డునే అక్కడ యంత్రానికి చూపాలి. కీక్ మని చప్పుడు, తెరమీద ఫొటో, కాపలా మనిషి ఒక చూపు, అంతే. ఎవరు దిగారు, ఎవరు ఎక్కారు, ఇంకా ఎందరు రావాలి అన్న లెక్క ఆ కార్డుతోనే నడుస్తుంది. పది గంటలయ్యేసరికి ఓడ పెళ్లివారు తరలివెళ్లిన విడిదిల్లులా ఉంటుంది. నిన్న సముద్రం మీద ఉండగా పొద్దున్నే లేచి తువ్వాలు పరిచి కుర్చీలు ఆక్రమించిన జనం ఇప్పుడు ఊళ్లో ఉంటారు. కొలనులో ఈదడానికి చోటుంటుంది. లిఫ్టు పిలవగానే వస్తుంది. కాఫీ దగ్గర వరస ఉండదు. స్పాలో మసాజులకు పోర్ట్ డే తగ్గింపు ధరల కాగితం ముందురోజు రాత్రే గదికి వస్తుంది. దిగనివాళ్లు కోరుకునేది ముఖ్యంగా ఈ ఖాళీయే. టిక్కెట్టులో డబ్బు కట్టినవన్నీ ఆ నాలుగైదు గంటలపాటు పంచుకునేవాళ్లు లేకుండా దొరుకుతాయి.

అయితే అలా దొరికే ఓడ సగం మూతబడిన ఓడ. ఇది టిక్కెట్టు కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. చాలా దేశాల చట్టాల ప్రకారం రేవులో ఉన్నంతసేపు క్యాసినో తెరవకూడదు. పన్ను లేని సరుకు అమ్మే దుకాణాలూ అంతే. తీరజలాల సరిహద్దు 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్ల పైచిలుకు. చాలాచోట్ల ఓడ ఆ గీత దాటాకే వాటి తలుపులు తీస్తారు. పెద్ద భోజనశాలను మధ్యాహ్నం మూసి, బఫే ఒక్కదాన్నే నడపడం చాలా ఓడల్లో మామూలే. నాటకశాలలో పగటి ఆటలుండవు. ఓడ కదలదు కాబట్టి డెక్కు మీద గాలి ఆడదు, ఉష్ణమండలపు రేవుల్లో మధ్యాహ్నం ఎండ చుర్రుమంటుంది. గది ఓడకు ఏ పక్కన పడితే ఆ దృశ్యమే దక్కుతుంది. ఒకవైపు బాల్కనీకి నీళ్లు, రెండోవైపు బాల్కనీకి సిమెంటు గట్టు, బస్సులు, సరుకు దింపే లారీలు.

చప్పుడు సంగతి కూడా ఉంది. సముద్ర భద్రతకు సంబంధించిన సోలాస్ ఒప్పందం ప్రకారం ఓడ సిబ్బందిలో ప్రతి ఒక్కరూ నెలకు కనీసం ఒకసారి అగ్నిప్రమాద విన్యాసంలోనూ, ఓడ విడిచివెళ్లే విన్యాసంలోనూ పాల్గొనాలి. లైఫ్‌బోట్లను మూడు నెలలకొకసారైనా నీళ్లలోకి దించి నడపాలి. ప్రయాణికులకు ఇబ్బంది తక్కువని కంపెనీలు ఈ పనులను రేవు రోజులకే పెట్టుకుంటాయి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత ఓడంతా మారుమోగుతాయి. నారింజరంగు లైఫ్‌జాకెట్లు తొడుక్కుని వంటవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు తమ తమ బోట్ల దగ్గర వరసలు కడతారు. ఇది సిబ్బందికి మాత్రమేనని మైకులో ముందే చెబుతారు. అయినా కునుకు తీస్తున్నవాడి గుండె ఒకసారి ఝల్లుమనక మానదు. ఓడ పక్కలకు రంగు వేయడం, కిటికీలు కడగడం, ఇంధనం నింపుకోవడం లాంటి పనులు కూడా అప్పుడే పెట్టుకుంటారు. ఆ విన్యాసం తీరుతెన్నులు గమనించినవాళ్లకు మాత్రం అది మంచి కాలక్షేపమే. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయాక, ప్రయాణికుల భద్రతా విన్యాసం ఓడ బయల్దేరకముందే, లేదా బయల్దేరిన వెంటనే జరగాలని నియమం బిగించారు. సిబ్బంది విన్యాసాలు చూస్తే ఆ నియమం వెనకున్న పని ఎంతో అర్థమవుతుంది.

దిగనివాళ్ల పక్కనే, దిగాలని ఉన్నా దిగలేనివాళ్లు కూడా ఆ రోజు ఓడలో ఉంటారు. రేవులో ఉన్నా ఓడలో అగ్నిప్రమాదం జరగవచ్చు కాబట్టి, సిబ్బందిలో ఒక వంతు కచ్చితంగా ఓడలోనే ఉండాలి. దాన్ని ఇన్ పోర్ట్ మ్యానింగ్ అంటారు, వంతులవారీగా వస్తుంది. నెలల తరబడి ఒప్పందం మీద పనిచేసే గోవా కుర్రవాడికో, ఫిలిప్పీన్స్ అమ్మాయికో రేవులో దొరికే రెండు గంటల బజారు తిరుగుడే సెలవు. కొలను పక్కన ప్రయాణికుడు కావాలని వదులుకున్న ఊరినే, అతనికి నిమ్మరసం అందించే మనిషి వంతు రాక వదులుకుంటాడు.

ప్రయాణికులు దిగకపోవడానికి కారణాలు చాలావరకు మోకాళ్లు, గడియారం, భూగోళం. కొన్ని రేవుల్లో నీటి లోతు చాలకో, తగిన గట్టు లేకో ఓడ దూరంగా నిలబడుతుంది. టెండర్ అనే చిన్న బోట్లలో జనాన్ని ఒడ్డుకు చేరుస్తారు. ఊగే బోటులోకి కాలు వేయడం పెద్దవాళ్లకు కష్టం, చక్రాల కుర్చీవాళ్లకు చాలా సందర్భాల్లో అసాధ్యం. గ్రీసులోని శాంటోరినిలో బోటు దిగాక కూడా ఊరు కొండకొమ్మున ఉంటుంది. కేబుల్ కారు కోసం వరసలో నిలబడాలి, లేదంటే ఐదువందలకు పైగా మెట్లు ఎక్కాలి. అలాంటిచోట దిగకుండా, ఓడ మీద నుంచే ఆ అగ్నిపర్వతపు గోడను తీరిగ్గా చూడడం తెలివైన పనే. నిజానికి ఆ గోడ మొత్తంగా కనిపించేది నీళ్ల మీద నుంచే.

గడియారం, భూగోళం కలిసి చేసే మోసం ఇంకా పెద్దది. ప్రకటనల్లో రోమ్ అని ఉంటుంది. ఓడ ఆగేది చివితవెక్కియాలో, అక్కడి నుంచి రోమ్ సుమారు 80 కిలోమీటర్లు. ఫ్లారెన్స్ అంటే లివోర్నో రేవు, ఇంచుమించు 90 కిలోమీటర్లు. పారిస్ అంటే లె హావ్ర్, దాదాపు 200 కిలోమీటర్లు. సింగపూర్ నుంచి బయల్దేరే ఓడలు బ్యాంకాక్ అని రాసి లెమ్ చబాంగ్‌లో ఆపుతాయి, అక్కడి నుంచి వంద కిలోమీటర్లు దాటాలి. ఓడ ఏడింటికి ఆగి అయిదింటికి బయల్దేరుతుందనుకుంటే, నాలుగున్నరకల్లా అందరూ ఎక్కేయాలి. దిగడానికి ఒక అరగంట, బస్సులో పోనూ రానూ మూడు గంటలు, భోజనానికి ఒక గంట తీసేస్తే నగరానికి మిగిలేది అయిదు గంటలు. ఆ అయిదు గంటల్లో రోమ్ చూసినవాళ్లు చూసింది ఎక్కువగా ముందు నడిచే గైడు ఎత్తిపట్టిన గొడుగునే. పైగా వేళ దాటితే ఓడ ఆగదు. కంపెనీ తానే అమ్మిన యాత్రాబస్సు ఆలస్యమైతే ఆగుతుంది, సొంతంగా టాక్సీ మాట్లాడుకున్నవాడి కోసం ఆగదు. ఓడ తప్పితే తరవాతి రేవుకు సొంత ఖర్చుతో వెళ్లి అందుకోవాలి. ఈ లెక్కలో విశాఖపట్నం లాంటి రేవులు నయం. 2023 సెప్టెంబరులో అక్కడ ప్రారంభమైన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ నగరంలోనే ఉంది, బీచ్ రోడ్డుకు చేరడానికి పూట పట్టదు.

మరి ఇంత అసౌకర్యంగా ఉన్నా ఓడలు ఎందుకు ఆగుతాయి? కొంత ఆశ, కొంత అలవాటు, కొంత చట్టం. చట్టం పాత్ర అమెరికాలో బాగా కనిపిస్తుంది. 1886 నాటి ప్యాసింజర్ వెసల్ సర్వీసెస్ చట్టం ప్రకారం విదేశీ జెండా ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న మనిషిని, మధ్యలో తగిన విదేశీ రేవు ఏదీ తాకకుండా, ఇంకో అమెరికా రేవులో దించకూడదు. విహార నౌకల్లో చాలావాటికి బహామాస్, పనామా, బెర్ముడా, మాల్టా జెండాలే. హవాయి దీవుల్లో తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికా తప్ప పెద్ద ఓడ ఏదీ అమెరికా జెండా కింద లేదు. అందుకే సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లొచ్చే ఓడలు కెనడాలోని విక్టోరియాలో సాయంత్రం పూట కొన్ని గంటలు ఆగుతాయి. కాలిఫోర్నియా నుంచి హవాయి వెళ్లొచ్చేవి మెక్సికోలోని ఎన్సెనాదాను తాకుతాయి. ఆ ఆగడం చట్టం కోసమే. కరోనా కాలంలో కెనడా రేవులు మూతపడితే అలాస్కా ప్రయాణాలే ఆగిపోయే పరిస్థితి వచ్చింది. 2021 మే నెలలో అమెరికా కాంగ్రెసు తాత్కాలికంగా ఒక చట్టం చేసి ఆ నిబంధన సడలించాల్సివచ్చింది. అలాంటి రేవులో దిగని ప్రయాణికుడు పోగొట్టుకునేది స్వల్పమే.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఓడ దిగకపోయినా వీసా తప్పదు. ఓడ తాకే ప్రతి దేశానికీ తగిన వీసా ఉందో లేదో ఎక్కేచోటే చూస్తారు. మధ్యధరా ప్రయాణానికి షెంగెన్ వీసా కావాలి. మధ్యలో ఓడ షెంగెన్ దేశాల సరిహద్దు దాటి మళ్లీ లోపలికి వచ్చేటట్టయితే ఒకటికి మించి ప్రవేశాలిచ్చే వీసాయే ఉండాలి. గదిలోంచి కదలననే మాట చెల్లదు. కొన్ని రేవుల్లో ఇమిగ్రేషన్ అధికారులు ప్రయాణికులందరినీ ముఖాముఖి చూడాలంటారు. అప్పుడు దిగదలుచుకోనివాళ్లు కూడా ఒకసారి లేచి వెళ్లి కనిపించి రావాలి. డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు చుట్టపుచూపుగా వచ్చిన తల్లిదండ్రులను గాల్వెస్టన్ నుంచి మెక్సికో వైపు ఓడలో తిప్పి తీసుకురావడం ఇప్పుడు మామూలైంది. ఆ పెద్దవాళ్లు మెక్సికోలోని కొజుమెల్ రేవులో ఓడ దిగినా దిగకపోయినా, గాల్వెస్టన్‌లో దిగాక ఇమిగ్రేషన్ తనిఖీ దాటే ఇంటికి వెళ్లాలి.

టిక్కెట్టుతో పాటు కట్టే రేవు రుసుములూ ఇలాంటివే. ఓడ ఏ కారణం చేతనో రేవును వదిలేస్తే కంపెనీలు సాధారణంగా ఆ రుసుము వెనక్కిస్తాయి. ఓడ ఆగి, ప్రయాణికుడే దిగకపోతే పైసా తిరిగిరాదు. ఊళ్ల లెక్కలు మాత్రం ఊరికొక తీరు. ఓడల జనంతో విసిగిన పట్టణాలు ఈమధ్య పరిమితులు పెట్టుకుంటున్నాయి. అలాస్కాలోని జూనో పట్టణం 2026 నుంచి శనివారం తప్ప మిగతా రోజుల్లో రోజుకు 16 వేల పడకలు అని హద్దు పెట్టింది. ఓడలో పడకను లెక్కించినప్పుడు దాని మీద పడుకున్నవాడు దిగాడా లేదా అన్న ప్రశ్నే రాదు. మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్ ప్రజలు 2022లో ఓటు వేసి, రోజుకు వెయ్యి మందికి మించి దిగకూడదన్నారు. అక్కడ దిగనివాడు లెక్కలోకి రాడు. రెండింటిలో బార్ హార్బర్ లెక్కే న్యాయంగా ఉంది. ఊరికి బరువయ్యేది వీధుల్లో నడిచే మనిషి. ఓడలో పడుకున్నవాడి వల్ల ఊరికి వచ్చేది ఓడ పొగ ఒక్కటే. రేవులో ఉన్నప్పుడు దీపాలకు, ఏసీకి, వంటకు ఓడ తన ఇంజన్లనే నడుపుతుంది. ఒడ్డు నుంచి కరెంటు తీగ అందించే ఏర్పాటు విహార నౌకలకు 2001లో జూనోలోనే మొదలైంది. అది లేని రేవుల్లో పొగ తప్పదు.

దిగే అవసరమే లేని ప్రయాణాలు కూడా ఉన్నాయి. వాటిలో పాత పద్ధతిది క్వీన్ మేరీ 2. 2004 జనవరిలో మొదలైన ఈ ఓడ సౌతాంప్టన్ నుంచి న్యూయార్కుకు మామూలుగా ఏడు రాత్రుల్లో వెళుతుంది. మధ్యలో నీళ్లు తప్ప ఏమీ లేదు. వేల పుస్తకాల లైబ్రరీ, నక్షత్రశాల, కుక్కలను ఉంచే గదులు ఉన్నాయి. న్యూయార్కు వైపు వెళ్లేటప్పుడు అయిదు రాత్రులు గడియారాన్ని గంట చొప్పున వెనక్కి తిప్పుతారు. అంటే అయిదు రాత్రులు గంట ఎక్కువ నిద్ర. విమానంలో వెళ్లి వేళకాని వేళ మెలకువతో అవస్థపడేవాళ్లకు ఈ సుఖం చెబితే గానీ తెలియదు.

ఆసియాలో ఈ పద్ధతికి సింగపూర్ నెలవు. కరోనాతో ప్రపంచంలో విహార నౌకలు చాలావరకు లంగరు వేసుకున్న 2020లో, నవంబరు 6న వరల్డ్ డ్రీమ్ అనే ఓడ సింగపూర్ వాసులను మాత్రమే ఎక్కించుకుని, సగం గదులు ఖాళీగా ఉంచి, ఏ రేవునూ తాకకుండా తిరిగివచ్చింది. డిసెంబరులో అదే తరహాలో వెళ్లిన క్వాంటమ్ ఆఫ్ ది సీస్‌లో 83 ఏళ్ల ప్రయాణికుడికి కరోనా ఉందని తేలి ఓడ వెనుదిరిగింది, తీరా ఒడ్డున మళ్లీ పరీక్షిస్తే లేదని తేలింది. వరల్డ్ డ్రీమ్ నడిపిన గెంటింగ్ హాంకాంగ్ కంపెనీ 2022లో దివాలా తీసింది. ఆ కంపెనీ కోసం జర్మనీలోని విస్మార్‌లో కడుతూ మధ్యలో ఆగిపోయిన భారీ ఓడను డిస్నీ కొనుక్కుని, డిస్నీ అడ్వెంచర్ అని పేరు పెట్టి, సింగపూర్ నుంచి మూడు నాలుగు రాత్రుల ప్రయాణాలకు సిద్ధం చేసింది. ఆ ప్రయాణాల ప్రణాళికలో రేవులే లేవు, అన్నీ సముద్రపు రోజులే. ఓడలోనే డబ్బు ఖర్చు చేయించే కంపెనీకి ఇంతకంటే లాభసాటి ఏర్పాటు ఉండదు. రేవు రుసుము ఉండదు, క్యాసినో లాంటివి ఉన్న ఓడల్లో అయితే వాటికి మూత ఉండదు. అమెరికాలో మాత్రం విదేశీ జెండా ఓడలకు ఇలాంటి ప్రయాణాలు 2016 నుంచి ఆగిపోయాయి. ఎక్కడికీ వెళ్లని ఓడ చట్టం దృష్టిలో అమెరికా విడిచి వెళ్లినట్టు కాదు, కాబట్టి విదేశీ సిబ్బంది వీసాలు దానికి పనికిరావన్నారు అధికారులు.

మన దేశంలో 2021 సెప్టెంబరు నుంచి కార్డీలియా కంపెనీ ఎంప్రెస్ అనే ఓడను ముంబై కేంద్రంగా నడిపింది. వారాంతంలో సముద్రంలోకి వెళ్లి, ఏ రేవులోనూ ఆగకుండా ముంబైకే తిరిగివచ్చే ప్రయాణం కూడా దాని ప్రయాణాల్లో ఉండేది. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో మొదలైన ఓడే అది, మయామీ నుంచి మూడు నాలుగు రోజుల చిన్న ప్రయాణాల కోసమే కట్టారు. 2022 జూన్‌లో అది విశాఖపట్నం వచ్చినప్పుడు ఉత్తరాంధ్ర జనంలో చాలామందికి విహార నౌకను దగ్గరగా చూడడం అదే మొదలు.

దిగకపోవడాన్ని జీవితవిధానంగా చేసుకున్నవాళ్లూ ఉన్నారు. బియాట్రిస్ ముల్లర్ భర్త 1999లో క్వీన్ ఎలిజబెత్ 2 ఓడలోనే చనిపోయాడు. ఆమె 2000 నుంచి ఆ ఓడలోనే కాపురముండి, 2008లో ఓడకు విశ్రాంతి ఇచ్చేదాకా విడిచిపెట్టలేదు. ఫ్లోరిడాకు చెందిన లీ వాక్‌స్టెటర్ అనే ఆవిడ ఏళ్ల తరబడి క్రిస్టల్ సెరెనిటీలో నివసించి, తన అనుభవాలను పుస్తకంగా కూడా తెచ్చింది. రేవుల్లో ఆమె దిగడం అరుదు. అందరూ ఊళ్లోకి వెళ్లాక ఓడ మొత్తం తనదైపోతుందన్నది ఆమె సమర్థన. అంత ఖర్చు అందరూ పెట్టలేరు గానీ, ఆ సమర్థన ఒక్క రోజుకైనా వర్తిస్తుంది.

దిగకూడదనుకునేవాళ్లు గది ఎంచుకునేటప్పుడు ఒకటి రెండు విషయాలు చూసుకోవాలి. ఓడ ఊపుతో తల తిరిగేవాళ్లకు మధ్యభాగం, కింది డెక్కులు మేలు. నీటిలో రెక్కల్లా చాచుకునే స్టెబిలైజర్లు పక్కలకు ఊగడాన్ని చాలావరకు తగ్గిస్తాయి, కానీ అవి బాగా పనిచేసేది ఓడ వేగంగా నడిచేటప్పుడే. లైఫ్‌బోట్ల వెనక ఉన్న గదులు చవక, అయితే విన్యాసం రోజు ఆ చప్పుడంతా కిటికీ ముందే. ప్రయాణాన్ని ఎంచుకునేటప్పుడు ముందే చూసేసిన రేవులు, నగరానికి మరీ దూరంగా ఉన్న రేవులు ఉన్నదాన్ని తీసుకుంటే మనసు ఊగిసలాడదు. రోజువారీ టిప్పు రేవు రోజుకు కూడా పడుతుంది. ఒడ్డున కొన్న మద్యం సీసాలను గ్యాంగ్‌వే దగ్గరే తీసుకుని ఆఖరి రోజు ఇస్తారు కనుక, ఊరెళ్లే పొరుగు గదివాళ్లతో సీసా తెప్పించుకోవడం దండగ.

సముద్రపు రోజులే ఎక్కువ కావాలనుకునేవాళ్లకు ఏడాదికి రెండుసార్లు వచ్చే చోటు మార్పు ప్రయాణాలు అనువైనవి. వేసవి ముందు ఓడలు కరీబియన్ నుంచి మధ్యధరాకు వెళతాయి, శరత్తు దాటాక తిరిగివస్తాయి. అట్లాంటిక్ దాటేటప్పుడు వరసగా ఐదారు రోజులకు పైగా రేవు ఉండదు. ఖాళీ ఓడ తీసుకెళ్లడం కంటే నయమని కంపెనీలు రోజు లెక్కన టిక్కెట్టు బాగా తగ్గించి ఇస్తాయి. ఎక్కే ఊరు ఒకటి, దిగే ఊరు మరొకటి కాబట్టి ఒకవైపు విమానం ఖర్చు మీదపడుతుంది. దాన్ని కలిపి చూసుకున్నాకే ఆ ప్రయాణం చవకో కాదో తేలుతుంది.